చేతొడుగు పుట్టుపూర్వోత్తరములు



మన జిల్లాలో జొన్నచేలకు కావలియుండువారి చేతులలో ఒడిసెలను మీలో కొందరైనను చూచియుందురు. చూడనివారు ఇంటిలోని పెద్దలను అడుగుడు. రెండు త్రాళ్లు, వాని నడుమ రాయి నిలుచుటకు అల్లిన చిన్న వల. ఒడిసెల యనగా ఇంతియే. ఆ వల లేనిచో త్రాళ్లు రెండును ఎందుకును కొరగావు. ఈ సంగతిని మనస్సునందుంచుకొని ఈ పాఠమును చదువుడు. ఇందు మేము చెప్పబోవునది ఒడిసెల కథ కాదు. అమెరికా దేశపు బేస్‌బాలు ఆటలో బంతిని పట్టుటకు ధరించు తోలుతొడుగు కథ. ఒడిసెల చేసినవానికి ఏనాడో తెలిసిన కిటుకును ఆ తొడుగు చేసినవారు కనుగొనుటకు సుమారు ఏబది సంవత్సరములు పట్టినది.

దూరదేశపు ఆటతో మనకేమి పనియని తల్లిదండ్రులు అడుగవచ్చును. పని కలదు. 2023వ సంవత్సరము అక్టోబరు నెలలో ముంబయి నగరమున సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమువారు, 2028లో లాస్ ఏంజిలిస్ నగరపు ఒలింపిక్ క్రీడలలో క్రికెట్టును బేస్‌బాలును రెండింటిని చేర్చుటకు అంగీకరించిరి. అంతకుముందు క్రికెట్టు ఆ క్రీడలలో ఒక్కమారే, 1900లో పారిస్ నగరమున, ఆడబడినది. ఇక 2024 జూన్ నెలలో అమెరికా క్రికెట్టు జట్టు పాకిస్తాను జట్టును ఓడించిన గ్రాండ్ ప్రెయరీ మైదానము మొదట బేస్‌బాలు కొరకు కట్టబడినది; తరువాత దానిని క్రికెట్టునకు అనువుగా మార్చిరి. అది తెలుగు కుటుంబములు వేలకొలదిగా నివసించు డాలసు నగర ప్రాంతముననే యున్నది. అక్కడ మన బంధువుల పిల్లలు ఒక చేత తొడుగు ధరించి బంతిపట్టు నేర్చుచుండగా, ఇక్కడ మన పిల్లలు అంతకంటె బరువైన బంతిని వట్టి చేతులతో పట్టుచున్నారు. రెండు ఆటలును అక్కచెల్లెండ్రవంటివే యయ్యు చేతుల విషయమున ఇంత దూరముగా ఎట్లు విడిపోయినవో తెలిసికొనదగినది కాదా?

పేరును గూర్చి ఒక మాట. మన మైదానమున 'గ్లవ్సు' అను ఆంగ్లపదమే వినబడుచున్నది. కన్నడమున దీనిని కైగవసు అందురు. ఆ గవసు మనకు పరాయిది కాదు. వస్తువులకు తొడిగెడి సంచివంటి కప్పును తెలుగున గవుసు అనియు, గవిసెన యనియు నందురు. ఇంటిలో ఒక భాష, బజారులో ఒక భాష మాటలాడు మన పిల్లలకు ఇట్టి చుట్టరికములు కంటబడినపుడు రెండు భాషలును దగ్గరివగును. ఈ వ్యాసమున మేము 'చేతొడుగు' అను మాటను వాడుచున్నాము.

బేస్‌బాలు ఆటలో జట్టునకు తొమ్మండుగురు. బంతి విసరువాడు పిచ్చరు. కొట్టువాని వెనుక కూర్చుండి బంతిని పట్టువాడు క్యాచరు. ఈ క్యాచరు మన వికెట్ కీపరునకు అన్నదమ్ముని వంటివాడు. మైదానమున చతురస్రముగా నాలుగు మూలలు కలవు, వానిని బేసులందురు. ఒక బేసునుండి మరియొక బేసునకు 90 అడుగుల దూరము. బంతిని నేలబారుగా కొట్టినవాడు పరుగెత్తి మొదటి బేసును చేరకముందే ఆ బంతి అచ్చట కాచుకొనియున్న ఆటగాని చేత బడినచో కొట్టినవాడు ఔటు. కావున ఈ ఆటలో బంతిపట్టు అనునది అప్పుడప్పుడు లభించు అదృష్టము కాదు, ఆట సాగినంతసేపు చేయవలసిన పని. బంతి బరువు 5 మొదలు 5¼ ఔన్సులు. మన క్రికెట్టు బంతి 5½ మొదలు 5¾ ఔన్సులు.

తొలినాళ్లలో అందరును వట్టి చేతులతోనే ఆడిరి. 1869లో సిన్సినాటి నగరపు 'రెడ్ స్టాకింగ్స్' జట్టువారు ఆటగాండ్రందరికిని బహిరంగముగా జీతములిచ్చి ఆడించిరి. అట్లు చేసిన మొదటి జట్టు అదియే. ఆ జట్టు క్యాచరు డగ్ ఆలిసన్ చేతులు వాచి బాధపడుచు, 1870లో జింకతోలు తొడుగులు ధరించి ఆడెనని ఆ నగరపు పత్రిక వ్రాసినది. చేతొడుగును గూర్చి దొరకిన తొలి వార్తలలో ఇది యొకటి. ఆలిసన్‌ను చూచి తక్కినవారును వెంటనే తొడుగులు కుట్టించుకొందురని మీరు తలచెదరు. అట్లు జరుగలేదు. నొప్పిని ఓర్చుటయే పౌరుషమనియు, తొడుగు ధరించుట పిరికితనమనియు ఆనాటి ఆటగాండ్రు భావించిరి.

1875లో చార్లెస్ వెయిట్ అను మొదటి బేసు ఆటగాడు తొడుగు ధరించి వచ్చెను. అది వ్రేళ్లు లేని పలుచని తొడుగు. వెనుకవైపు గాలికై రంధ్రముండెను. దాని రంగు మనుష్యుని చర్మపు రంగు. ఆ కాలపు ప్రసిద్ధ పిచ్చరు ఆల్బర్ట్ స్పాల్డింగు దానిని చూచి వెయిట్‌ను ప్రశ్నించెనట. ధరించుటకు తనకు కొంత సిగ్గుగానే యున్నదనియు, ఎవరి కంటను పడకుండుటకే ఆ రంగును ఎంచుకొంటిననియు వెయిట్ ఒప్పుకొనెనని స్పాల్డింగు 1911లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసినాడు. స్పాల్డింగు చేతులును నొప్పితో నుండినవే. అతడు 1877లో మొదటి బేసు వద్ద ఆడుట కారంభించి, దాచుకొనకుండ నల్లని తొడుగును ధరించెను. అంతటి ఘనుడు ధరించిన వస్తువును చూచి నవ్వుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. అతడు అప్పటికి ఒక సంవత్సరము ముందే షికాగో నగరమున ఆటవస్తువుల దుకాణము తెరచియుండెనను సంగతియు మరువరాదు. సిగ్గునకును వర్తకమునకును జరిగిన ఈ పోటీలో వర్తకమే గెలిచినదని మా అభిప్రాయము. గెలుపు మాత్రము మంచిదే.

తరువాతి మార్పు ఒక గాయము మూలమున వచ్చినది. 1883లో ప్రావిడెన్సు జట్టు ఆటగాడు ఆర్థర్ ఇర్విన్‌కు ఎడమచేతి వ్రేళ్లు రెండు విరిగినవి. అతడు ఆట మానలేదు. గుర్రపుబండి తోలువారు ధరించు పెద్ద తోలుతొడుగును కొని, లోపల మెత్తలు పెట్టి, కట్టు కట్టిన వ్రేళ్లకు చోటు చాలునట్లు మూడవ నాలుగవ వ్రేళ్ల గూళ్లను కలిపి కుట్టించెను. వ్రేళ్లు మానిన తరువాతను దానిని విడువలేదు. డ్రేపర్-మేనార్డ్ అను కంపెనీవారు 'ఇర్విన్ తొడుగు' పేరిట దానిని తయారుచేసి విక్రయించిరి.

1884లో ప్రధాన పోటీలలో పిచ్చరు చేతిని భుజముపైనుండి త్రిప్పి విసరుటకు అనుమతి లభించుటతో బంతి వేగము పెరిగి క్యాచరు కష్టము హెచ్చినది. 1888, 1889 ప్రాంతమున దిండువలె ఉబ్బిన క్యాచరు తొడుగు పుట్టినది. ఎవరు మొదట చేసిరను విషయమున వాదములు కలవు. జో గన్సన్ తానే యనెను, హారీ డెక్కర్ అనునతడు 1889లో పేటెంటు పొందెను. కొంతకాలము ఆ తొడుగును డెక్కర్ అనియే పిలిచెడివారు. తొడుగులు నానాటికి పెరుగుచుండుటను చూచి 1895లో నియమములు చేయవలసివచ్చినది: క్యాచరును మొదటి బేసు ఆటగాడును తప్ప తక్కినవారి తొడుగు 10 ఔన్సుల బరువును, అరచేతివద్ద 14 అంగుళముల చుట్టుకొలతను మించరాదు.

ఈ కాలమున ఒక మొండివాడు మిగిలియుండెను. సిన్సినాటి జట్టున రెండవ బేసు వద్ద ఆడిన బిడ్ మెక్‌ఫీ 1882 మొదలు తొడుగు లేకుండ ఆడెను. ఉప్పునీట చేతులను నానబెట్టి గట్టిపరచుకొనెడివాడట. చుట్టునున్నవారందరు తొడుగులు ధరించినను అతడు లొంగలేదు. 1896లో ఒక వ్రేలికి గాయమై, విధిలేక తొడుగు ధరించెను. ఆ సంవత్సరము అతని బంతిపట్టు వేయింటికి 978 చొప్పున లెక్కకు వచ్చినది. రెండవ బేసు ఆటగాండ్రలో 1919 వరకు దానిని మించినవారు లేరు. పదునాలుగు సంవత్సరములు వట్టి చేతులతో ఆడినవాని నేర్పు తొడుగునందు లేదు, అతని యందే యున్నది. తొడుగు చేసినదెల్ల ఆ నేర్పునకు అడ్డుగానున్న నొప్పిని తీసివేయుటయే. అయినను ఆ పదునాలుగు సంవత్సరములలో ఎన్ని బంతులు కేవలము నొప్పి మూలమున జారిపోయినవో ఎవరు లెక్కించిరి?

ఇంతవరకు జరిగిన మార్పులన్నింటిని ఒక్కమారు చూడుడు. జింకతోలు, లోపల మెత్త, పైన దిండు: అన్నియు అరచేతిని కాపాడుటకే. బంతి వచ్చి అరచేతినే తాకవలెను, అరచేయియే దానిని ఆపవలెను. మెత్త మందమైనకొలది నొప్పి తగ్గును గాని, దిండుమీద పడిన బంతి నిలువదు, ఎగిరి క్రింద పడును. అందుచే రెండవ చేతిని పైన మూయవలెను. బంతి నిలుచుటకు మరియొక చోటు ఉండవచ్చునని ఎవరికిని తోచలేదు.

తోచినవాడు బిల్ డోక్. అతడు సెయింట్ లూయిస్ నగరపు జట్టులో పిచ్చరు. 1920లో తడి బంతిని నిషేధించినపుడు, ఉమ్మి రాసిన బంతిని విసరు పాతవారిలో కొందరికి మాత్రము జీవితకాలపు మినహాయింపు నిచ్చిరి. వారిలో డోక్ ఒకడు. ఉమ్మి సంగతి యటుండనిండు. అతడు 1919లో ఆ నగరమునందలి రాలింగ్స్ కంపెనీవారి వద్దకు పోయి ఒక ఆలోచన చెప్పెను. అంతకుముందు తొడుగులలో బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ ఏమియు లేకుండెను, లేదా ఒక తోలుముక్క యుండెడిది. ఆ చోట సన్నని తోలువార్లను అడ్డముగను నిలువుగను అల్లి వలవలె చేయుడని డోక్ చెప్పినాడు. వార్లను బిగించినచో గుంట లోతు తగ్గును, వదలు చేసినచో పెరుగును. ఎవరికి వలసినట్లు వారు సరిచేసికొనవచ్చును. ఆ తొడుగు 1920లో అంగడికి వచ్చినది, 1922లో డోక్‌కు పేటెంటు లభించినది, ముప్పది సంవత్సరములకు పైగా అమ్ముడుపోయినది. డోక్ విసరిన బంతులను నేడెవరును తలపరు. అతడు అల్లించిన వల మాత్రము ప్రపంచమునందలి ప్రతి బేస్‌బాలు తొడుగునందును ఏదో రూపమున నున్నది.

ఇదియే మన ఒడిసెలలోని కిటుకు. బంతి ఇప్పుడు అరచేతికి కాక అరచేతి ప్రక్కన అల్లిన ఖాళీలో పడుచున్నది. నొప్పియు అరచేతినుండి తప్పుకొన్నది. బంతియు ఎగిరిపోక నిలిచినది. ఒక్క మార్పుచే రెండు పనులు నెరవేరినవి.

నొప్పి యేల తగ్గినదో భౌతికశాస్త్రము చదువువారు లెక్క వేసి చూడవచ్చును. బంతి ద్రవ్యరాశి 0.15 కిలోగ్రాము, వేగము సెకండునకు 30 మీటర్లు అనుకొనుడు. రెండింటిని గుణించిన 4.5 వచ్చును, ఇది దాని ద్రవ్యవేగము. ఈ బంతిని సెకండులో నూరవవంతు కాలమున ఆపినచో చేతిపై సగటున 450 న్యూటనుల బలము పడును. అనగా సుమారు 46 కిలోల బరువును చేతిమీద మోపినట్లు. అదే బంతిని ఏబదియవవంతు కాలమున, అనగా ఇనుమడించిన కాలమున, ఆపినచో బలము సగమునకు దిగును. వల సాగుట, తోలు లోనికి వంగుట, చేతిని వెనుకకు తీయుట — ఇవి యన్నియు ఆ కాలమును పొడిగించు ఉపాయములే. ఇల్లు కట్టునపుడు క్రిందినుండి విసరిన ఇటుకను పైనున్న మేస్త్రీ ఎట్లు అందుకొనునో చూడుడు. అతడు చేతులను ఇటుకకు ఎదురుగా చాపడు. ఇటుకతోపాటు వెనుకకు తీసికొనిపోవును.

డోక్ తరువాత తొడుగులను మెరుగుపరచినవారిలో హారీ లాటినా ముఖ్యుడు. అతడు 1922 మొదలు 1961 వరకు రాలింగ్స్ కంపెనీలో పనిచేసెను. జనులతనిని 'తొడుగుల వైద్యుడు' అనెడివారు. మడమవద్ద మడత, వ్రేళ్లను కలిపి కట్టు వారు, లోతైన గుంట మొదలగువానికి పేటెంట్లు పొందెను. ఇచట మాకొక ఆలోచన కలుగుచున్నది. పంపుసెట్లు రాకముందు మన బావులపై మోటలుండెడివి. మోట తిత్తికి క్రింద తోలుతొండము. లోనుండి పైకి వచ్చువరకు నీరు ఒలుకకుండ తొండపు మూతిని సన్నత్రాడు పైకి లాగిపట్టును, బావిగట్టునకు రాగానే తొండము జారి నీటిని తొట్టిలో విడుచును. తోలును కోసి, కుట్టి, ఎచట వంగవలెనో ఎచట నిలువవలెనో తెలిసి చేసిన ఆ పని లాటినా పనికి ఏమాత్రమును తీసిపోదు. తోలు పదును చేయుటకు తంగేడు చెక్కను వాడెడివారు. తంగేడు చెక్కతో పదును చేసిన దక్షిణదేశపు తోళ్లు మదరాసు రేవునుండి ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండెడివి. ఆ దేశమున తొడుగు కుట్టినవాని పేరు వ్రాసిపెట్టుకొనిరి. మన మోటలు కుట్టినవారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. మీ యూరిలో మోట కుట్టిన చేతులెవ్వరివో పెద్దలనడిగి వ్రాసి తెచ్చినచో మేము సంతోషింతుము.

1957లో షికాగోకు చెందిన విల్సన్ కంపెనీవారు 'ఏ-2000' అను తొడుగును చేసిరి. ఇది పెద్దది, మెత్తలు తక్కువ, గుంట లోతైనది. బంతి తగులగానే తొడుగే పిడికిలివలె ముడుచుకొనును. మెత్తలు పెంచుటతో ఆరంభమైన కథ మెత్తలు తగ్గించుట వరకు వచ్చినది. ఆ నమూనా నేటికిని విక్రయింపబడుచున్నది. ఇంకొక చిన్న విశేషము: 1954కు ముందు ఆటగాండ్రు తమ వంతు ముగియగానే తొడుగులను మైదానముననే పడవేసి పోయెడివారు. ఆ సంవత్సరమునుండి తీసికొనిపోవలెనని నియమమైనది.

క్యాచరు దిండు మాత్రము చాలకాలము మారలేదు. 1960ల నడుమ షికాగో జట్టు క్యాచరు రాండీ హండ్లీ, అటుపిమ్మట సిన్సినాటి క్యాచరు జానీ బెంచ్, తలుపు బందువలె నడుమ మడతపడు తొడుగును ప్రచారమునకు తెచ్చిరి. దానితో ఒక చేతనే బంతి నిలుచును. రెండవ చేతిని వీపువెనుక దాచుకొనవచ్చును. అంతకుముందు క్యాచరులకు విరిగినది ఎక్కువగా ఆ రెండవ చేతి వ్రేళ్లే. 1960లో బాల్టిమోరు జట్టు నాయకుడు పాల్ రిచర్డ్స్ మరియొక విపరీతము చేసెను. తన పిచ్చరు హాయిట్ విల్‌హెల్మ్ విసరు బంతి గాలిలో ఎటుపోవునో తెలియక క్యాచరులు వదలివేయుచుండిరి. అందుకై చేటంత తొడుగును చేయించెను. కొన్ని సంవత్సరములకు నియమములవారు మేల్కొని 1965నుండి క్యాచరు తొడుగు చుట్టుకొలత 38 అంగుళములను మించరాదనిరి.

తొడుగును ఏ చేతికి ధరింపవలెను? విసరని చేతికి. కుడిచేత విసరువాడు ఎడమచేతికి, ఎడమచేత విసరువాడు కుడిచేతికి. ఎడమచేతివాటపు పిల్లలను మన ఇండ్లలో గద్దించుట కలదు. వారికి కుడిచేతి తొడుగు కావలెనే గాని దెబ్బలు కావు. ప్యాట్ వెండిట్ అను పిచ్చరు రెండు చేతులతోను విసరెడివాడు. అతడు 2015లో ఓక్లండు జట్టు తరఫున ఆడినపుడు రెండు ప్రక్కల బొటనవ్రేళ్లు గల ఆరు గూళ్ల తొడుగును ధరించెను. జిమ్ అబ్బాట్ కథ ఇంకను గొప్పది. అతనికి పుట్టుకతోనే కుడిచేయి మణికట్టు వరకే యుండెను. తొడుగును కుడి ముంజేతి కొనపై నిలిపి, ఎడమచేత బంతి విసరి, మరునిమేషమున ఆ ఎడమచేతినే తొడుగులోనికి దూర్చి, తనవైపు వచ్చు బంతిని పట్టెడివాడు. పట్టిన పిమ్మట తొడుగును చంకకు చేర్చి, బంతిని తీసి మరల విసరెడివాడు. 1993 సెప్టెంబరు 4వ తేదీన అతడు న్యూయార్కు జట్టు తరఫున క్లీవ్‌లండు జట్టునకు ఆట మొత్తమున ఒక్క 'హిట్' కూడ ఇవ్వలేదు.

ఇక మన క్రికెట్టునకు వత్తము. ఈ ఆట వేరు దారి ఎన్నుకొన్నది. దాని నియమముల ప్రకారము పదునొకండుగురిలో ఒక్క వికెట్ కీపరు మాత్రమే తొడుగులు ధరింపవచ్చును. తక్కినవారు అంపైర్ల అనుమతి లేనిదే చేతికిగాని వ్రేళ్లకుగాని ఏ రక్షణయు వాడరాదు. అంతటితో ఆగలేదు. కీపరు తొడుగులో బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ తోలుముక్క ఉండవచ్చును గాని అది సాగని ఒకే ముక్కగా నుండవలెను. దానికి మడతలుగాని అదనపు బలముగాని కూడదు. బొటనవ్రేలిని పూర్తిగా చాపినపుడు అది బిగువుగా నిలువవలెను. రెండు వ్రేళ్ల కొనలను కలుపు గీతను దాటి పైకి రాకూడదు. ఈ నియమము దేనిని అడ్డుకొనుచున్నదో గ్రహించితిరా? సరిగా డోక్ అల్లిన వలనే. గుంట ఏర్పడరాదనియే దీని తాత్పర్యము. బేస్‌బాలు తొడుగునకు బంతిని పట్టు అధికారమిచ్చినది. క్రికెట్టు దానికి చేతిని కాపాడు అధికారము మాత్రమే యిచ్చినది. ఏది మేలు అని మమ్మడిగినచో, స్లిప్పులో నిలిచి వట్టి చేత బంతిని అందుకొన్నవానిని చూచుటలో నున్న ఆనందమును వదులుకొనుటకు మాకు మనసొప్పదు. కాని ఆ ఆనందమునకు మూల్యము చెల్లించునవి చూచువారి వ్రేళ్లు కావు.

ఆ తొడుగులతోనే మనవారు కీర్తి గడించిరి. కర్ణాటకకు చెందిన సయ్యద్ కిర్మానీ 88 టెస్టులాడి, 1983 ప్రపంచకప్పు గెలిచిన జట్టునకు కీపరుగా నుండెను. హైదరాబాదు వాడైన పి. కృష్ణమూర్తి 1971లో వెస్టిండీసులో మన దేశము తొలిమారు సిరీసు గెలిచినపుడు అయిదు టెస్టులలోను కీపరు. గుంటూరు వాడైన ఎం.ఎస్.కె. ప్రసాద్ ఆరు టెస్టులాడెను. విశాఖపట్టణపు కె.ఎస్. భరత్ 2023 ఫిబ్రవరిలో నాగపూరున మొదటి టెస్టు ఆడెను.

ఇప్పుడు తల్లిదండ్రులు తప్పక చదువవలసిన విషయము. బంతి వ్రేలి కొనకు సూటిగా తగిలినపుడు, వ్రేలి చివరి కణుపును నిటారుగా నిలుపు స్నాయువు తెగుట కలదు. అప్పుడు ఆ కణుపు ముందునకు వ్రాలిపోవును. పిల్లవాడు ఎంత యత్నించినను దానిని తనంత తాను ఎత్తలేడు. దీనికి వైద్యుల వాడుకలో 'బేస్‌బాల్ ఫింగర్' అనియు పేరు కలదు. మన మైదానములలో ఇట్టి వ్రేలిని పట్టి లాగుట, తైలము రాచి పిసుకుట ఆచారము. రెండును హాని చేయును. చేయవలసినది వేరు: వ్రేలిని నిటారుగా నుంచి, చల్లని నీటిలో తడిపిన గుడ్డ వేసి, వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. ఎముక కొన విరిగినదో లేదో ఎక్స్‌రే వలన తెలియును. సాధారణముగా చిన్న బద్దతో వ్రేలి కొనను ఆరు మొదలు ఎనిమిది వారములు ఎడతెగక నిటారుగా కట్టియుంచుదురు. నడుమ ఒక్కమారు వంగినను మరల మొదటి దినమునుండి లెక్క పెట్టవలసివచ్చును. అశ్రద్ధ చేసినచో ఆ వ్రేలు జీవితాంతము వంగియే యుండవచ్చును. తిట్టుదురేమో యను భయముతో పిల్లలు ఈ గాయమును ఇంటిలో దాచుట మేమెరుగుదుము. వెయిట్ దాచినది తొడుగును. వీరు దాచునది వ్రేలిని. పిల్లవాడు అన్నము కలుపుకొనునపుడు ఒక్క చూపు అతని వ్రేళ్లవైపు చూడుడు.

తోలుబంతితో ఆడునపుడు కీపరుగా నిలుచువానికి తొడుగులు లేనిచో ఆట మొదలుపెట్టరాదు. కొనునపుడు వ్రేళ్ల కొనలు గూటి చివరను తాకకుండ ధాన్యపు గింజంత వదలు ఉండవలెను. కొలత తెలియుటకు పిల్లవానిని వెంట తీసికొనిపోవుట మేలు. పెరుగుదురుగదా యని పెద్దవి కొన్నచో బంతి తగిలినపుడు గూడు ప్రక్కకు తిరిగి వ్రేలు మడతపడును. లోపల పలుచని నూలు తొడుగును ధరించినచో చెమట తోలుకు అంటదు. ఆట ముగిసిన పిమ్మట తొడుగులను సంచిలో కుక్కక నీడన ఆరబెట్టవలెను. మన జిల్లా ఎండకు తోలు ఒక్క వేసవిలో పగులును. నిజమైన తోలుతొడుగు బిరుసెక్కినచో రెండు చుక్కల ఆముదమును గుడ్డతో రాచి, అరచేతి గుంటలో బంతినుంచి, త్రాటితో వదులుగా కట్టి రాత్రియంతయు ఉంచవలెను.